పక్క గానుగ రేటు

మాది అనంతపురం. రెండు చెక్క గానుగలున్నాయి. దిరిసెన చెక్కవి, మోటారుతో తిరుగుతాయి. శనక్కాయ నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె తీస్తాం. 2019లో మొదలుపెట్టినప్పుడు ఊళ్ళోనే అమ్మేవాళ్ళం. 2021లో సొంత వెబ్‌సైట్ పెట్టాక హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. వాటితో పాటు నాకో జబ్బూ పట్టుకుంది. పొద్దున ఆరింటికి లేచి టీ గ్లాసు పక్కన పెట్టుకుని, మాలాంటి వాళ్ళు ఎవరెవరు నూనె ఎంతకు అమ్ముతున్నారో ఫోన్లో ఒక్కొక్క సైటూ తెరిచి చూసేవాడిని. పదకొండు మంది. లెక్కల నోట్‌బుక్‌లో పదకొండు వరసలు. మొత్తం చూసి రాసేసరికి ముప్పావు గంట పట్టేది. ఈలోపు గానుగలో పోసిన పప్పు కనిపెట్టే దిక్కు లేక మా ఆవిడ లోపల్నుంచి అరిచేది.

రోజూ చూస్తే అదో దారి. కానీ రోజూ చూడలేం కదా. 2023 దసరా ముందు పెళ్ళిళ్ళ తిరుగుళ్ళు, కరెంటు కోతలు అన్నీ కలిసొచ్చి రెండు వారాలు నోట్‌బుక్ తెరవలేదు. ఆ రెండు వారాల్లోనే దాదాపు అందరూ లీటరుకు ఇరవై రూపాయలు పెంచేశారు. నేను పాత రేటుకే నలభై క్యాన్లు పంపేశాను. ఐదు లీటర్లవి. అంటే నాలుగు వేలు ఎవరూ అడగకుండానే నా చేత్తో నేనే వదులుకున్నట్టు. పెద్ద కంపెనీకి అదో లెక్క కాదు. మాకు అది ఒక మనిషికి పది రోజుల కూలి.

2024 వేసవి సెలవులకు మా అక్క కూతురు వచ్చింది. బీటెక్ మూడో సంవత్సరం అప్పుడు. నా నోట్‌బుక్ చూసి నవ్వింది.

"మామా, రోజూ ఇదంతా చేత్తో రాస్తున్నావా?"

"ఇంకెట్ల రాయాల పాపా, కాలితోనా?"

ఆ సాయంత్రమే గూగుల్ షీట్ ఒకటి తెరిచి, ఇంపోర్ట్ ఎక్స్ఎంఎల్ అనే ఫార్ములా చూపించింది. ఒక పేజీ అడ్రసు, ఆ పేజీలో ధర ఎక్కడుందో చెప్పే దారి, ఈ రెండూ ఇస్తే షీట్ తనంతట తానే ధర తెచ్చి గడిలో పెడుతుంది. ఆ దారిని ఎక్స్‌పాత్ అంటారట. క్రోమ్‌లో ధర మీద రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ నొక్కితే పేజీ వెనకున్న కోడ్ చిట్టడవి కనిపిస్తుంది. మొదటి గడిలో 345 అని వచ్చినప్పుడు నేను నిజంగానే చప్పట్లు కొట్టాను. రెండో సైటు కూడా వచ్చింది. మూడోదీ వచ్చింది. నాలుగోది రాలేదు. ఐదు, ఆరు, ఏడు, అన్నీ ఖాళీ. లోపల ఏమీ లేదని షీట్ చెప్తోంది, నా ఫోన్లో మాత్రం ధర కనిపిస్తోంది. కారణం తర్వాత అర్థమైంది. కొన్ని సైట్లు ముందు ఖాళీ చట్రం పంపి, తర్వాత బ్రౌజర్‌లో నడిచే కోడ్, అంటే జావాస్క్రిప్ట్‌తో అందులోకి ధర తెచ్చి పెడతాయి. ఈ ఫార్ములా జావాస్క్రిప్ట్‌ను నడిపించదు. చట్రం చూసి వెనక్కి వచ్చేస్తుంది.

అప్పుడు పేజీలో మార్పు కనిపిస్తే మెయిల్ పంపే ఉచిత సర్వీసు ఒకటి పెట్టుకున్నాం. మొదటి రోజు అరవై రెండు మెయిళ్ళు వచ్చాయి. ధర ఒక్కటీ మారలేదు. ఒక సైటులో "ఇప్పుడే హైదరాబాద్ నుంచి ఒకరు కొన్నారు" అని మూలన డబ్బా ఎగురుతుంటుంది. ఇంకోదాంట్లో ఆఫర్ ముగియడానికి ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు అని గడియారం వెనక్కి తిరుగుతుంటుంది. సెకను సెకనుకూ అది మార్పే కదా, దాని దృష్టిలో. పేజీలో ధర ఉన్న ముక్కను మాత్రమే గమనించమని చెప్పొచ్చు, చెప్పాం కూడా. కొంత నయమైంది. అయినా పేజీ డిజైన్ కాస్త జరిగితే మళ్ళీ మెయిళ్ళే.

దారి చూపించింది మా పాపే, అదీ అనుకోకుండా. ఆ సైట్లలో నాలుగు, ఆన్‌లైన్ అంగళ్ళు కట్టుకోవడానికి వాడే షాపిఫైలో కట్టినవి. అలాంటి దుకాణాల్లో చాలావాటికి అడ్రసు చివర స్లాష్ ప్రొడక్ట్స్ డాట్ జేసన్ అని తగిలిస్తే అంగడిలో ఉన్న సరుకంతా ఒక పట్టీలాగా బయటికొస్తుంది. పేరు, సైజు, ధర, ఎప్పుడు మార్చారు, ఇప్పుడు దొరుకుతుందా లేదా, అన్నీ. గుట్టు ఏమీ కాదు, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ మీద, దానికి అంగడిని తగిలించే వూకామర్స్‌తో నడిచే అంగళ్ళు మూడు. వాటికీ అలాంటి తలుపే ఒకటుంది. ఇంకొక సైటు గూగుల్‌లో కనబడటం కోసం పేజీ లోపల ధర, స్టాకు వివరాలను ఒక పద్ధతిలో రాసిపెట్టింది, దాన్ని జేసన్ ఎల్‌డీ అంటారు. అది చదవడం అన్నిటికంటే సులువు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు పెద్ద ఆన్‌లైన్ మార్కెట్లలోనే అమ్ముతారు, ఒకాయన ఇన్‌స్టాగ్రామ్‌లో.

ఇక ఫార్ములాలు వదిలేసి, షీట్‌కే అతికి ఉండే యాప్స్ స్క్రిప్ట్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసింది. కోడ్‌లో సగం ఏఐని అడిగి రాయించుకుందని తర్వాత ఒప్పుకుంది. పొద్దున ఆరింటికి ఒక్కసారి అన్ని చోట్లకూ వెళ్ళి రావాలి, నిన్నటి ధరతో పోల్చాలి, తేడా ఉంటే నాకు టెలిగ్రామ్‌లో చెప్పాలి. టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అనే బాట్‌ను అడిగితే మనకో కొత్త బాట్ ఇస్తుంది, అంటే తనంతట తానే మెసేజ్‌లు పంపే ఖాతా, డబ్బు అక్కర్లేదు. మేం దానికి గూఢచారి అని పేరు పెట్టాం. మా ఆవిడ మాత్రం దాన్ని "మీ రెండో పెళ్ళాం" అంటుంది.

మొదటి రోజు ఆరింటికి ఏమీ రాలేదు. ఏడైంది, ఎనిమిదైంది. పాడైందనుకుని వదిలేశాం. మధ్యాహ్నం మూడున్నర దాటాక టంగుమంది. స్క్రిప్ట్ గడియారం అమెరికా టైమ్‌లో ఉంది, దానికి అప్పుడే తెల్లారింది. ఆ సెట్టింగ్ మార్చాం. రెండో రోజు ఆరింటికి సరిగ్గా వచ్చింది, ఏమని? ఒకాయన లీటరు శనక్కాయ నూనె ముప్పైనాలుగు వేలకు అమ్ముతున్నాడని. ఇంకొకాయన నువ్వుల నూనె నలభై రెండు వేలట. వూకామర్స్ ఆ తలుపులోంచి ధరను పైసల్లో చెప్తుంది, రూపాయల్లో కాదు. నూరుతో భాగించాలి. షాపిఫై పట్టీ రూపాయల్లోనే ఇస్తుంది. మూడో రోజు అసలు మెసేజే రాలేదు, ఎందుకంటే అన్ని అంగళ్ళ పట్టీ మొత్తం ఒకే మెసేజ్‌లో కుక్కింది పాప. టెలిగ్రామ్ ఒక మెసేజ్‌కు 4096 అక్షరాలకు మించి తీసుకోదు. ఇవన్నీ చిన్నవే. ఒక్కోటీ ఒక్కో సాయంత్రం తినేశాయి.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది, అడిగేశాను. "పాపా, ఇది దొంగతనం కాదు కదా?"

"అంగడి ముందు బోర్డు మీద రాసిన రేటు నువ్వు పోతా పోతా చదివితే దొంగతనమా మామా?"

నిజమే, కానీ బోర్డు చదవడానికి రోజుకు వెయ్యిసార్లు పోతే అంగడి వాడికి విసుగొస్తుంది. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఒక్కో అంగడికి రోజుకు ఒక్కసారే. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కాసేపు ఆగాలి. చాలా సైట్లకు రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అని ఒక ఫైలుంటుంది, రోబోలు ఏ గదుల్లోకి రావచ్చు, ఏవి వద్దు అని అందులో రాసి ఉంటుంది. ఒకాయన మేం వాడే తలుపు వద్దని రాశాడు, ఆయన్ని తీసేసి మళ్ళీ చేత్తోనే చూస్తున్నాం. లాగిన్ అయితే తప్ప కనిపించని డీలర్ రేట్ల జోలికి పోలేదు. పెద్ద ఆన్‌లైన్ మార్కెట్ల నిబంధనలు ఇలా రోబోలతో డేటా లాగడాన్ని ఒప్పుకోవు, అందుకని అక్కడికీ పంపలేదు. అమెజాన్‌లో ధర ఎలా పెరిగిందో తగ్గిందో గ్రాఫ్ గీసి చూపించే కీపా అనేది ఉంది, కావలసినప్పుడు అది చూస్తాను. రివ్యూలు చదువుతాం కానీ రాసిన మనుషుల పేర్లు మా షీట్‌లోకి ఎక్కించం. ఆ మధ్య ఒక అబ్బాయి, ఫలానా వాళ్ళ దగ్గర పనిచేసి మానేశాను, వాళ్ళ కస్టమర్ల వాట్సాప్ నంబర్లు ఇస్తాను అని వచ్చాడు. టీ ఇచ్చి పంపేశాం.

ధరలు వచ్చి పడుతున్నాయి సరే, వాటిని పోల్చడం ఎలా? నా కళ్ళు తెరిపించింది ఇదే. నూనెను కొందరు లీటర్లలో అమ్ముతారు, కొందరు కిలోల్లో. లీటరు శనక్కాయ నూనె తూకం వేస్తే సుమారు 910 గ్రాములు తూగుతుంది. మూడేళ్ళుగా నా నోట్‌బుక్‌లో ఒకాయన పేరు ఎదురుగా 360 అని, నా పేరు ఎదురుగా 345 అని రాసుకుని, ఆయన కంటే నేను పదిహేను తక్కువ అని మురిసిపోతున్నాను. ఆయనది కిలో, నాది లీటరు. లీటరుకు మార్చి చూస్తే ఆయనది 328. నేనే పదిహేడు రూపాయలు ఎక్కువ. కస్టమర్లు ఫోన్ చేసి వాళ్ళ దగ్గర తక్కువుందండీ అంటే, సరిగా చూసుకోండమ్మా అని నేనే వాళ్ళకు పాఠం చెప్పేవాడిని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అందుకని షీట్‌లో అన్నిటినీ వంద మిల్లీలీటర్ల ధరలోకి మార్చాం. అర లీటరు, లీటరు, రెండు కలిపి కాంబో, ఐదు లీటర్ల క్యాన్, ఏదైనా సరే. కొరియర్ ఖర్చు ధరలోనే కలిపేవాళ్ళు కొందరు, విడిగా తీసుకునేవాళ్ళు కొందరు. అది కూడా సర్దాలి. ఇక పేర్ల గొడవ. చెక్క గానుగ పల్లీ నూనె, వుడ్ ప్రెస్డ్, కోల్డ్ ప్రెస్డ్, తమిళనాడు వాళ్ళయితే మరచెక్కు. కోల్డ్ ప్రెస్డ్ అన్నదంతా చెక్క గానుగది కాదు. ఇనుప ఎక్స్‌పెల్లర్‌లో తీసినదాన్ని కూడా అలాగే అమ్ముతారు. గంటకు అది ఆడేది ఎక్కువ, కూలి ఖర్చు తక్కువ. ఆ నూనె ధరను నా ధర పక్కన పెట్టి ఏడవడంలో అర్థం లేదు. ఏది ఎవరికి పోటీ అని తేల్చడం మాత్రం ప్రోగ్రామ్ చేతగాలేదు. ఒక ఆదివారమంతా కూర్చుని, ఒక్కొక్క పేజీ చదివి, కొన్ని సీసాలు తెప్పించి వాసన చూసి, మడ్డి ఎంత దిగిందో చూసి, నేనే తేల్చాను. పదకొండు మందిలో నా అసలు పోటీదార్లు ఆరుగురే అని తేలింది.

ఆ సెప్టెంబరులో షీట్ తన సత్తా చూపించింది. 2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్రం దిగుమతి నూనెల మీద సుంకం పెంచింది. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మొత్తం కలిపి 5.5 శాతం ఉన్నది 27.5 శాతమైంది. మా గానుగ నూనెకూ దానికీ నేరుగా సంబంధం లేదు. మేం దిగుమతి సరుకు వాడం, మా శనక్కాయ చుట్టుపక్కల మండలాలది. అయినా వారం తిరిగేసరికి ఆరుగురిలో నలుగురు పదీ ఇరవై పెంచారని పొద్దున పొద్దున్నే మెసేజ్‌లు. నేను పెంచలేదు. ఖరీఫ్ శనక్కాయ పీకే రోజులు దగ్గరికొస్తున్నాయి, పప్పు రేటు పెరిగే సూచన లేదు. ఆ నెల కొత్త కస్టమర్లు బాగానే వచ్చారు. పాతరోజుల్లో అయితే వాళ్ళు పెంచిన సంగతి నాకు దీపావళికి తెలిసేది.

కార్తీక మాసంలో ఇంకో పాఠం. నువ్వుల నూనెకు అది మాంచి సీజన్, దీపాలకు కొంటారు. అప్పటిదాకా నేను ధర మాత్రమే చూస్తున్నాను. స్టాకు ఉందా లేదా అన్న గడి షీట్‌లో ఉంది కానీ దాని మొహం చూసింది లేదు. రెండో వారంలో ఒకరోజు పాప ఫోన్ చేసి, మామా, ఇద్దరి దగ్గర నువ్వుల నూనె అయిపోయింది చూశావా అంది. చూశాను, ఇద్దరివీ ఎరుపు రంగులో ఉన్నాయి. అప్పటికప్పుడు రెండో గానుగను శనక్కాయ ఆపి నువ్వులకు మార్చాం, నూనె తేటపడటానికి రెండు రోజులు ఆగి, ఫేస్‌బుక్‌లో వెయ్యి రూపాయల యాడ్ పెట్టాం. మామూలుగా నెలకు అరవై లీటర్లు పోయే నువ్వుల నూనె ఆ నెల నూట నలభై లీటర్లు పోయింది. ధర రూపాయి తగ్గించలేదు. అప్పట్నుంచి నా మెసేజ్‌లో స్టాకు వరస పైన ఉంటుంది, ధరలు దాని కింద.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. 2025 ఫిబ్రవరి. నా లీటరు 360. ఒకరోజు పొద్దున బాట్, ఫలానా అంగడి 365 నుంచి 350కి తగ్గించింది అని చెప్పింది. నేను 348 చేశాను. రెండు రోజులకు వాళ్ళు 340. నేను 338. ఎందుకు తగ్గించారో ఆలోచించలేదు. చేతిలో కొత్త బొమ్మ ఉంది కదా, అది కూసిన ప్రతిసారీ నేను గెంతాలి. తొమ్మిదో రోజుకు నా ధర 325కు వచ్చింది. ఆర్డర్లు పెరిగాయి, నిజమే. ఆ రాత్రి గానుగ కడిగి వచ్చి మా ఆవిడ అడిగింది.

"ఏమండీ, పప్పు ఎంతకు తెచ్చినారు ఈసారి?"

"నూట పన్నెండు."

"రెండున్నర కిలోలు పోస్తే లీటరు నూనె. అంటే రెండు వందల ఎనభై. చెక్కకు ఎంతొస్తుంది?"

చెక్క అంటే నూనె పోగా మిగిలే పిప్పి, కిలోన్నర వస్తుంది, గేదెలవాళ్ళకు కిలో నలభై లెక్కన అరవై. పోగా నికరం 220. సీసా, మూత, లేబుల్ 18. కూలీ, కరెంటు 35. 325లో జీఎస్టీ 15. ఆన్‌లైన్ చెల్లింపు వాళ్ళకు 7. యాడ్లకు లీటరుకు 30 పడుతోంది. ఆమె చెప్పుకుంటూ పోతుంటే నేను క్యాలిక్యులేటర్ కొడుతున్నాను. మొత్తం 325. తొమ్మిది రోజులు ఇద్దరం ఒళ్ళు హూనం చేసుకుని, పెరిగిన ఆర్డర్లన్నీ ప్యాక్ చేసి, చివరికి మిగిలించుకున్నది సున్నా.

రేపు ఇంకెంత తగ్గించాలా అని అప్పటిదాకా చూసుకున్నానే కానీ, ఆ లెక్క కట్టలేదు. నాలుగు రోజుల తర్వాత బెంగళూరు కస్టమర్ ఒకామె వాళ్ళ సీసా ఫోటో పంపింది. సెప్టెంబరులో ప్యాక్ చేసింది, ఆరు నెలల గడువు, ఇంకో నెలే మిగిలింది. వాళ్ళు నాతో పోటీ పడటం లేదు. పాత సరుకు వదిలించుకుంటున్నారు. గడువు దాటితే పారబొయ్యాలి కాబట్టి వాళ్ళకు 300 వచ్చినా లాభమే. నేను తాజా నూనెను వాళ్ళ పాత నూనె ధరకు అమ్మాను.

ఈ మాట పాపతో చెప్తే ఒక కథ చెప్పింది. 2011లో అమెజాన్‌లో ఈగల గురించిన ఒక జీవశాస్త్ర పుస్తకం ధర 2 కోట్ల 30 లక్షల డాలర్లు దాటిందట. ఇద్దరు అమ్మకందార్లు, ఇద్దరివీ ధర మార్చే ప్రోగ్రాములు. ఒకటి అవతలివాడి ధర కంటే పిసరంత తక్కువ పెడుతుంది, రెండోది అవతలివాడి ధరకు సుమారు ఒకటింబావు రెట్లు పెడుతుంది. ఒకదాన్నొకటి చూసుకుంటూ ఎక్కుతూ పోయాయి. ఎవరో మనిషి గమనించి ధర దించేదాకా ఆగలేదు. "వాళ్ళవి ప్రోగ్రాములు మామా, నువ్వు మనిషివై ఉండి చేసినావు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత షీట్‌లో కొత్త వరసలు చేరాయి, అవి పోటీదార్లవి కావు. ఒకటి పప్పు రేటు. కేంద్ర ప్రభుత్వ సైటు అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ యార్డుల శనక్కాయ ధరలు రోజూ పెడతారు, ఆదోని యార్డుది చూస్తాను, దానితోపాటు నేను కొనే ఆయన్ను అడిగి రాస్తాను. రెండోది చెక్క రేటు. ఈ రెండిట్లోంచి షీట్ ఒక గీత గీస్తుంది, ఈ రోజు ఈ రేటుకు కింద అమ్మితే నష్టం అని. పోటీదారు ధర ఆ గీతకు కిందికి పోతే బాట్ మెసేజ్ చివర "గీత కింద" అని ఉంటుంది. అది కనిపిస్తే నేను నా ధర ముట్టుకోను. కారణం వెతుకుతాను. పాత సరుకా, సైజు మార్చారా, వేరే నూనె కలిపారా, కొత్తగా వచ్చి డబ్బు పోసి కస్టమర్లను కొంటున్నారా. ఫేస్‌బుక్ వాళ్ళ మెటా యాడ్ లైబ్రరీలో వాళ్ళ పేజీ పేరు కొడితే ఇప్పుడు నడుస్తున్న యాడ్లు, ఎప్పుడు మొదలుపెట్టారు అన్నది కనిపిస్తుంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఒకే యాడ్‌ను రెండు నెలలు నడిపిస్తున్నారంటే అది వాళ్ళకు పనిచేస్తోందనే లెక్క. ఇది మాత్రం ఆదివారం పూట కూర్చుని నేనే చూస్తాను. ఒకసారి యాడ్లు, రివ్యూలు అన్నీ ఏఐకి ఇచ్చి సారాంశం రాయమన్నాను. రాసింది, చక్కని తెలుగులోనే రాసింది, కానీ కిలో, లీటరు కలిపేసింది. నా పాత నోట్‌బుక్ గుర్తొచ్చింది.

పొరపాట్లు ఇంకా జరుగుతూనే ఉంటాయి. ఒకాయన సైటు థీమ్ మార్చాడు, మాకు ధర సున్నా అని వచ్చింది. ఇంకొకాయన ఆఫర్ పెట్టినప్పుడు అడ్డగీత కొట్టిన పాత ఎమ్మార్పీని ప్రోగ్రామ్ అసలు ధర అనుకుని తెచ్చింది. అందుకని ఒక్కరోజులో నాలుగో వంతు కంటే ఎక్కువ మారితే ప్రోగ్రామ్ దాన్ని నమ్మదు, "చేత్తో చూడు" అని మాత్రం చెప్తుంది. వారంలో ఒకటో రెండో అలాంటివి వస్తాయి. మూడు రోజులు వరుసగా ఏ అంగడిలోనూ ఏ మార్పూ లేదంటే కూడా అనుమానమే, స్క్రిప్ట్ ఆగిపోయి ఉంటుంది. ఒకసారి పదకొండు రోజులు ఆగిపోయింది. మార్కెట్ ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను.

రివ్యూల వల్ల జరిగిన మేలు ఒకటి చెప్పాలి, అది ధరల వల్ల జరిగిన దానికంటే పెద్దది. ఒక అంగడి కింద వరుసగా ఐదారుగురు ఒకటే మాట రాశారు, కొరియర్లో నూనె కారి డబ్బా తడిసిందని. ఆ సీసా ఫోటో చూస్తే మూత మాదిలాంటిదే. మాకింకా ఫిర్యాదులు రాలేదంతే. మరుసటి రోజే మా సీసాలు పది తలకిందులుగా పెట్టి చూశాం, తెల్లారేసరికి మూడు చెమర్చాయి. మూత లోపల రేకు అతికే ఇండక్షన్ సీల్ మెషిన్ కొన్నాం. చేత్తో నొక్కే చిన్నదే.

మా సైటుకు ఎవరెవరు వచ్చి పోయారో రాసి ఉండే హోస్టింగ్ లాగ్ కూడా ఒకసారి పాప చూసింది. గంటకోసారి, నిమిషం తేడా లేకుండా, ఒకే అడ్రసు నుంచి ఎవరో మా శనక్కాయ నూనె పేజీ తెరిచి పోతున్నారు. ఎవరిదో గూఢచారి. ఆపేద్దామా అంది. వద్దన్నాను. బోర్డు మీద రాసిన రేటే కదా. గంటకోసారి ఎందుకో మాత్రం అర్థం కాలేదు, రోజుకొకసారి చాలదా?

ఇప్పుడు నాకు పొద్దున ఒక్క మెసేజ్ వస్తుంది, ఆరుగురి గురించి, స్టాకు, ధర, గీత. మార్పు లేకపోతే "అన్నీ నిన్నటిలాగే" అని ఒక వాక్యం. చదవడానికి అర నిమిషం. పాపకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఏదైనా విరిగితే శనివారం రాత్రి వీడియో కాల్‌లో సరిచేస్తుంది, ఫీజు కింద నెలకు రెండు లీటర్ల కొబ్బరి నూనె.

ఒక్క పోటీదారు మాత్రం దేనికీ చిక్కలేదు. మా వీధి చివర ఇంకో గానుగ ఉంది, మాకంటే పాతది. వెబ్‌సైట్ లేదు, ఫేస్‌బుక్ లేదు, ఫోన్ కూడా బటన్లదే. ఊళ్ళో మాకంటే ఎక్కువ అమ్ముతాడు. రేటు ఒక పలక మీద సుద్దతో రాసి గుమ్మానికి తగిలిస్తాడు. షీట్‌లో ఆయనకూ ఒక వరస పెట్టాం. దాన్ని నింపే పని మా అబ్బాయిది, స్కూలుకు పోతూ సైకిల్ మీంచి చూసి, సాయంత్రం వచ్చి నంబరు కొడతాడు. నిన్న గడి ఖాళీగా ఉంది. ఏమైందిరా అని అడిగాను.

"పలక తుడిచేసినాడు నాన్నా. సుద్ద అయిపోయిందంట, ఇంట్లో ఉంటే ఒకటి తెమ్మన్నాడు."